నడిమధ్యన తిరగని బొమ్మ

ఆఫీసులో అందరూ అతన్ని తాతయ్య అంటారు. వయసు నలభై దాటి ఎంతో కాలేదు; కాని ఆ వృత్తిలో అది కురువృద్ధుల పంక్తి. అతను రాసేది లోకం చూసే సాఫ్ట్‌వేర్ కాదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అడుగున పరుచుకునే గ్రాఫిక్స్ లైబ్రరీ, అంటే బొమ్మలు గీసిపెట్టే రెడీమేడ్ కోడ్. అందులో బొమ్మలను తిప్పడం, జరపడం, సాగదీయడం తాతయ్య శాఖ. రాజధాని: ఏసీ నీళ్లు కారే మూల.

ఆ తిప్పడంలో పుట్టుకతోనే ఒక అవకరం ఉంది. తిప్పమంటే బొమ్మ ఫ్యానులా నడిమధ్యన తిరగాలి కదా. ఇది ఎడమ పైమూలకు మేకు కొట్టిన పటంలా ఊగి, పక్కదాని స్థలంలోకి పోయేది. వాడేవాళ్లు తిట్టుకుంటూనే, తిప్పాక బొమ్మను మళ్లీ చోటికి నెట్టే లెక్క ఎవరికి వారు రాసుకున్నారు.

ఉద్యోగంలో చేరిన నాటినుంచి తాతయ్యకు అదే బెంగ. దీన్ని సరిచేస్తే చాలు, ఈ జన్మకు తానూ ఒకటి చేసినట్టే అనుకున్నాడు. ఆ ఏటి వర్షాకాలమంతా దానికే ధారపోసి, లెక్కలన్నీ తిరగరాసి, బొమ్మ తన కేంద్రం చుట్టూ తిరిగేలా చేశాడు. కొత్త వెర్షన్‌తోపాటు “తిరిగే పద్ధతి మారినది, గమనించగలరు” అని సవినయంగా ఒక వాక్యం జతచేశాడు. అటువంటి వాక్యాన్ని గమనించిన మానవుడు చరిత్రలో లేడు.

“మొత్తానికి అయిపోయింది” అన్నాడు ఇంట్లో.

“హమ్మయ్య. ఇంకనైనా భోజనం చేస్తూ గాల్లో వేళ్లు తిప్పడం మానేస్తారా?” అంది భార్య.

ఆ సంబరం వారం నిలవలేదు. ఫిర్యాదు ఆఫీసుకంటే ముందు ఇంటికే వచ్చింది. బావమరిదికి బళ్ల మీద అంటించే స్టిక్కర్లు కోసే దుకాణం ఉంది. పాడైన స్టిక్కర్ చుట్ట చంకలో పెట్టుకుని దిగాడు.

“బావా, నా సాఫ్ట్‌వేర్‌కి దయ్యం పట్టింది. అప్‌డేట్ అంది, సరే అన్నా. అంతే, ఏటవాలుగా పెట్టిన పేర్లన్నీ షీటు దాటి పోతున్నాయి.”

తాతయ్య ఆ స్టిక్కర్లు విప్పి చూశాడు. “నీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఇన్నాళ్లూ మా తప్పుకి విరుగుడు రాసుకున్నారురా. తప్పు పోయింది, విరుగుడు మిగిలింది.”

“ఎవడు బావా పోగొట్టింది?”

“నేనే.”

బావమరిది వంటింటి వైపు తిరిగాడు. “అక్కా, బావకి ఏదైనా పని చెప్పవే! ఊరికే కూర్చోబెడితే బాగున్నవన్నీ బాగుచేసేస్తున్నాడు.”

“అది బాగాలేదురా!”

“నాకు బాగానే ఉండేది.”



మర్నాడు ఆఫీసులో దేశదేశాల నుంచి అవే ఏడుపులు. టీమ్ లీడర్, వయసులో అతనికంటే చాలా చిన్నది, కుర్చీ దగ్గరకు లాక్కుంది.

“సర్, మీరు చేసిందే రైటు. కానీ పాతది పెట్టేయాలి.”

“రైటయితే ఎందుకమ్మా?”

“అందరూ తప్పుకి అలవాటుపడ్డారు సర్. మీది పారేయొద్దు, వేరే పేరుతో పక్కన ఉంచుదాం. కావలసినవాళ్లు వాడుకుంటారు.”

పాతదాన్ని పునఃప్రతిష్ఠించే గౌరవమూ తాతయ్యకే దక్కింది. దాని అవకరాలు అంత క్షుణ్ణంగా ఎరిగినవాడు మరొకడు లేడు. తన దానికి ‘కేంద్రం చుట్టూ తిప్పు’ అని అర్థం వచ్చే బారెడు పేరు పెట్టి పక్కన నిలబెట్టాడు.

ఆ తర్వాత పొద్దున్నే వచ్చి, దాన్ని ఎవరైనా వాడారా అని బయట దొరికే ప్రోగ్రాములన్నీ గాలించేవాడు. కొత్తగా రాసేవాళ్లు కూడా పాతదాన్నే వాడి, పాత విరుగుడునే ఎక్కడినుంచో ఎత్తి తెచ్చుకుంటున్నారు. తన దాన్ని వాడేది ఒక్కటే: దాన్ని పరీక్షించడానికి తనే రాసిన చిన్న ప్రోగ్రాం.

మరుసటి ఏడు లైబ్రరీ బరువు తగ్గించమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఎవరూ వాడనివి తీసేయాలి. టీమ్ లీడర్ తీసేయాల్సినవాటి జాబితాతో అతని మూలకు వచ్చింది.

“తెలుసమ్మా. నేనే తీస్తాను” అన్నాడు తాతయ్య.

తీసేశాడు. దాని పరీక్షనూ తీసేశాడు. మిగిలిన పరీక్షలన్నీ నడిపాడు; ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి విరగకపోతుందా అని లోపల చిన్న ఆశ. తెర నిండా పచ్చటి గీతలు వచ్చాయి. ఏదీ విరగలేదు.

అంతా సలక్షణంగా ఉన్నదని పైవారికి నివేదించాడు.