నాయికకు ఇచ్చిన జాతకం

పోయినవాటిని ముందు లెక్కపెడతాను. నిశ్చయమైన ఒక పెళ్లి. నా రాతలు అందరికంటే ముందు చదివే ఒకే ఒక మనిషి. ఆదివారం సాయంత్రాలు. ఆ తర్వాత, రాయగలనన్న నమ్మకం. అన్నీ నా వల్లే పోయాయి. ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తూ ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో గుమాస్తాను. జాతక గణితం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పంచాంగాలు ముందేసుకుని, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ పట్టుకున్నాను. నవలలూ అలాగే. తొంభైల్లో ఒక వారపత్రికలో వచ్చిన నా మొదటి సీరియల్లో ఒక జాతకం కల్పించి రాశాను. కోనసీమ నుంచి ఒకాయన కార్డు రాశాడు. "మీ బుధుడు సూర్యుణ్ణి వదిలేసి నాలుగిళ్లు దాటిపోయాడండి. పాపం, ఏవన్నా గొడవలా?" బుధుడు ఎప్పుడూ సూర్యుడి పక్క ఇల్లు దాటడు. అది నాకు తెలుసు. అయినా రాశాను. ఆఫీసులో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

రెండో నవలలో ఎవరికీ తప్పు దొరకకూడదనుకున్నాను.

మా వీధిలో ఒక స్కూలు టీచరు ఉండేది. ఇక్కడ సుభద్ర అంటాను. ప్రతి ఆదివారం వచ్చి నేను రాసినంత వరకు చదివి, బాగాలేకపోతే బాగాలేదని మొహాన చెప్పేది. ఆమెకు కోరుకొండ వైపు సంబంధం కుదిరింది. వాళ్లకు చూపించిన జాతకంలో తండ్రి ఆమె పుట్టిన వేళను అరగంట తగ్గించాడని నాతో ఒక్కడితోనే చెప్పి, అసలు వేళకు చక్రం వేసి చూపించమంది. వేశాను. కుజుడు ఎనిమిదో ఇంట్లో ఉన్నాడు. భర్తకు కీడని జనం భయపడే చోటు.

ఆ చక్రాన్నే నా నాయికకు ఇచ్చాను. తిథి, నక్షత్రం, టీచరు ఉద్యోగం, తండ్రి తగ్గించిన అరగంటతో సహా. నవలలో ఆ పిల్ల భర్త చనిపోతాడు. పేరొక్కటే మార్చాను. బద్ధకమా? పొగరా? గణితం తప్పకపోతే చాలు, మనిషికి ఏమైనా ఫరవాలేదనుకున్నానా?

పెళ్లికొడుకు మేనమామ జాతకాలు చూసేవాడు. నా నవల వస్తున్న వారపత్రికా చదివేవాడు. ఆ చక్రం ఎవరిదో పోల్చుకున్నాడు. పెట్టుకున్న ముహూర్తం రద్దయింది.

సుభద్ర వచ్చింది. కూర్చోలేదు.

"పేరు మార్చారు మాస్టారూ. నన్నెందుకు మార్చలేదండి?"

"అది కల్పనమ్మా."

"కల్పనే అయితే మీ జాతకం పెట్టుకోకపోయారా?"

మంచినీళ్లు తెచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. సుభద్ర వెళ్లిపోయింది.

నా జాతకం ఎందుకు పెట్టుకోలేదో ఇప్పుడు చెబుతాను. నాకూ కుజదోషం ఉంది. పెళ్లికి ముందు నా వేళను నేనే ఇరవై నిమిషాలు పెంచుకున్నాను. దోషమనే ఏడో ఇంటి కుజుడు దోషం లేని ఆరో ఇంట్లోకి జరిగాడు. ఆ సంగతి మా ఆవిడకు తెలియదు. ఆమెకు ఇంతవరకు ఏ కీడూ రాలేదు. నా అసలు చక్రం పట్టుకెళ్లి ఆ మేనమామ ముందు పెట్టి, "నా భార్య నిక్షేపంగా ఉందండి, మా ఇంటికొచ్చి చూడండి" అని ఉంటే ఆ పెళ్లి నిలబడేదేమో. బస్టాండు దాకా వెళ్లాను. కోరుకొండ బస్సు ఎదురుగా ఉంది. ఇంట్లో తెలిస్తే నా మొహం ఎలా చూపించుకోవాలన్న ఒక్క భయంతో వెనక్కి తిరిగాను.

నన్ను నేను ఒప్పుకోలేని మనిషిని. నాలో దాచుకున్న లోపాన్ని ఒక ఆడపిల్లకు అంటగట్టి, ఆమె మీద జాలి కురిపించి, ఆ జాలికి పాఠకుల చేత శభాష్ అనిపించుకున్నాను. కథ రాయడమంటే ఇదేనా? అందరూ ఇలాగే రాస్తారా, లేక నేనొక్కణ్ణేనా? ఆ తర్వాత ఏ పాత్రను మొదలుపెట్టినా నాలుగు పేజీలకల్లా అందులో నేనే కనిపించేవాణ్ణి. చింపేసేవాణ్ణి. నన్ను తప్పించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదని అర్థమయ్యాక మానేశాను.

సుభద్ర పోలవరం బదిలీ చేయించుకుంది. పెళ్లి చేసుకోలేదని విన్నాను.

మా ఆవిడ పక్క గదిలో బియ్యం ఏరుతోంది. ఇది అచ్చయితే చదువుతుంది. చదవనీ. నేను పుట్టింది తెల్లవారుజామున అయిదూ పదికి. అయిదున్నరకు కాదు. ఇంత చిన్న మాట రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు. ఇదే మాటను సుభద్ర ఎదుట నిలబడి చెప్పాలి. అది ఒక్కటీ ఇంకా బాకీ.