పన్ను మీద పాయింట్లు

వీరవెంకటరమణ గారికి పాయింట్ల పిచ్చి. కొత్తపేటలో ఆయనకి నీళ్ళ మోటార్ల కొట్టుంది, కుదురైన బేరముంది, ఏ దురలవాటూ లేదు. క్రెడిట్ కార్డు గీకినప్పుడల్లా బ్యాంకువాళ్ళు వేసే పాయింట్లంటే మాత్రం మనిషి మనిషిలో ఉండరు.

ఈ సంగతి ఆయన పన్ను లెక్కలు చూసే ఆడిటరు శివరామ్ గారికి బాగా తెలుసు. రెండువేల ఆరేడుల్లో కొత్తపేటలో కార్డు తీసుకునే కొట్టు లేదు. అందుకని రమణ గారు బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి టూత్‌పేస్టు కొనుక్కొచ్చేవారు. బస్సుకి నలభై రూపాయలు, పాయింట్లు రెండు. ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకుని, "కార్డు ఇస్తానమ్మా" అంటే, అమ్మే నూకాలమ్మ చెయ్యి తుడుచుకుని, "పెళ్ళెవరికండి?" అనడిగింది.

రెండేళ్ళ పాయింట్లకి ఒక ఫ్లాస్కు వచ్చింది. భార్య సత్యనారాయణమ్మ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మూతేదండీ?" అన్నారు.

"మూతకి ఇంకా పన్నెండొందల పాయింట్లు కావాలి" అన్నారాయన.

రెండువేల తొమ్మిదిలో, కొట్ల పన్ను కంప్యూటర్లో కార్డుతో కట్టొచ్చని శివరామ్ గారు నోరుజారేరు. మర్నాడు ఆఫీసు తలుపు తీసేసరికి రమణ గారు అరుగు మీద ఉన్నారు. పన్ను కట్టడానికి అంత సంబరపడ్డ మనిషిని శివరామ్ గారు తన సర్వీసులో చూళ్ళేదు.

తర్వాతి నెల గడువు రోజున రమణ గారు అక్కడ కూర్చునుండగా, స్టీలు సామాన్ల కొట్టు లీలావతి గారు నోటీసు పట్టుకుని వచ్చేరు. ఆవిడ భర్త కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. పన్ను రెండు నెలలుగా తప్పింది. సాయంత్రంలోగా ముప్ఫై రెండు వేలు కట్టకపోతే కొట్టు రిజిస్ట్రేషను తీసేస్తారట.

"నా కార్డు మీద కట్టేద్దామమ్మా" అన్నారు రమణ గారు.

"వద్దండి. ఎవరి దగ్గరా చెయ్యి చాపనని ఆయనకి మాటిచ్చేను."

"చెయ్యి చాపుతున్నది నేనమ్మా. ముప్ఫై రెండు వేలంటే ఎన్ని పాయింట్లు. మీరు కాదంటే నేను అన్యాయమైపోతాను."

లీలావతి గారు ఆయన్ని జాలిగా చూసేరు. "మీకు అంత ఇదిగా ఉంటే కానివ్వండి" అన్నారు.

కొట్టు నిలబడింది. ఆవిడ డబ్బు నాలుగు నెలల్లో తీర్చేసేరు. వడ్డీ ఇవ్వబోతే, "పాయింట్లు ముట్టేయి కదమ్మా" అన్నారాయన. వానల్లో సరుకు తడిసిపోయిన సైకిళ్ళ అంజిబాబుకీ అలాగే జరిగింది. ఆపైన ఎవరికి చెయ్యాడకపోయినా తలొంచుకుని రావడం మానేసేరు. "రమణ గారికి పాయింట్లిద్దామని వచ్చేనండి" అంటూ దర్జాగా వచ్చేవారు.

ఏడాది తిరిగేక శివరామ్ గారు కూడా అదే బ్యాంకు కార్డు తీసుకుని తన పన్ను కట్టేరు. ఒక్క పాయింటూ పడలేదు. ఫోను చేసి అడిగితే, పన్నులకి పాయింట్లు మొదట్నించీ లేవనీ, పైగా నూటికి రూపాయిన్నర చొప్పున అదనంగా పడుతుందనీ చెప్పేరు.

శివరామ్ గారు ఈ మాట ఎలా చెప్పాలా అనుకుంటూ మోటార్ల కొట్టుకి వెళ్ళి, మంచినీళ్ళు తాగి మరీ చెప్పేరు.

"తెల్సండి" అన్నారు రమణ గారు, వైరు చుట్ట చుడుతూ.

"ఎప్పట్నించి?"

"నా పన్ను కట్టిన నెల బిల్లు చూసినప్పట్నించి."

"మరి లీలావతి గారిది కట్టింది దాని తర్వాతే కదండి?"

"ఆయ్." ఆయన కాస్త సిగ్గుపడ్డట్టు కనిపించేరు. "ఊరికే ఇస్తానంటే ఆవిడ పుచ్చుకుంటారా అండి? నాకు పిచ్చని ఊరంతటికీ తెలుసు. అది కాస్త అక్కరకొచ్చింది."

ఇంతలో లీలావతి గారు మెట్లెక్కి వచ్చేరు. ఇప్పుడు భర్త ఇంటికొచ్చేసేరు, బేరం బావుంది.

"ఈ నెల పన్ను డబ్బండి" అని కవరు రమణ గారి చేతిలో పెట్టేరు. "మీ కార్డు మీదే కట్టేయండి."

రమణ గారు లోపల పెట్టడానికి వెళ్ళగానే, ఆవిడ శివరామ్ గారి దగ్గరకొచ్చి గొంతు తగ్గించేరు.

"నేనే కట్టుకోగలనండి. కానీ పాపం, ఆ పాయింట్లంటే ఆయనకి ప్రాణం. అంజిబాబుక్కూడా గట్టిగా చెప్పేను, నేరుగా కట్టొద్దని. మీరు కూడా ఆయన ద్వారానే కట్టకూడదా అండి? పెద్దాయన సంతోషపడతారు."

శివరామ్ గారు లోపలికి చూసేరు. రమణ గారు వినే ఉంటారు. కౌంటరు వెనకనించి ఒప్పుకోవద్దని రెండు చేతులూ ఊపుతున్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నారు శివరామ్ గారు.