ఆనందబాబు గారి సందేహాలు

ఆనందబాబు గారికి సందేహాలు ఎక్కువ. అందరికీ ఉంటాయి కదా అంటారేమో. మామూలు మనుషులకి సందేహం వస్తే పక్కవాళ్ల చెవిలో అడుగుతారు, లేదా మింగేసి ఊరుకుంటారు. ఆనందబాబు గారు గదిలో అందరికీ, వీలైతే పక్కగదిలో వాళ్లకి కూడా వినపడేలా అడుగుతారు. పోనీ అడిగి తెలుసుకుని ఊరుకుంటారా అంటే అదీ లేదు. అదే సంగతి మళ్లీ వారం అంతే అమాయకంగా, అంతే గట్టిగా అడుగుతారు.

పేకాటలో అయితే ఆయనకి ఒక శాశ్వత సందేహం ఉండేది.

"ఏమండీ, ఫ్లష్ పెద్దదా, స్ట్రెయిట్ పెద్దదా?"

అయిదు ముక్కలూ ఒకే జాతివైతే ఫ్లష్. అయిదూ వరసగా వస్తే స్ట్రెయిట్. ఫ్లషే పెద్దది. పోకర్ నేర్చుకోవడానికి కూర్చున్న మొదటి పావుగంటలో చెప్పే పాఠం ఇది. ఆనందబాబు గారు డెబ్భైల నుంచీ ఆడుతున్నారు. ఎనభై మూడులో కూడా అడుగుతూనే ఉన్నారు.

అప్పట్లో సన్నీవేల్‌లో తెలుగువాళ్లం తక్కువ. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో పోకర్ ఉండేది. ఆనందబాబు గారిది బాపట్ల. భార్య దీనమ్మ గారికి నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాల అమెరికా వచ్చారు. ఆ సంగతి ఆయనే నాతో గర్వంగా చెప్పుకునేవారు. "నేను ఆవిడ సామానుతో పాటు వచ్చానమ్మా శశీ. సూట్‌కేసులు రెండు, నేను మూడోది."

ఆయన పని ఒక కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీలో. ఒకసారి పెద్ద మీటింగు పెట్టి వైస్ ప్రెసిడెంటు గారు మాట్లాడుతుంటే ఈయన చెయ్యెత్తారట. "సార్, యీల్డ్ యీల్డ్ అంటున్నారు, అసలు యీల్డ్ అంటే ఏమిటి?" తయారైన చిప్స్‌లో పనికొచ్చేవి ఎన్నో ఆ లెక్కే యీల్డ్. ఆయన ఉద్యోగం పేరే యీల్డ్ ఇన్‌స్పెక్టర్. చొక్కాకి తగిలించుకున్న బ్యాడ్జి మీద అదే రాసి ఉంది. వైస్ ప్రెసిడెంటు ఆ బ్యాడ్జి వైపు చాలాసేపు చూసి, చివరికి బోర్డు మీద బొమ్మ గీసి మరీ వివరించాడట. ముందు వరసలో అందరూ నవ్వారు. వెనక వరసలో కొత్తగా చేరిన వియత్నాం వాళ్లు మాత్రం మెడలు సాచి విన్నారట.

ఇళ్లల్లో జరిగే తెలుగు ప్రార్థన కూటాల్లోనూ ఇంతే. "అయ్యగారూ, బైబిల్లో యోనా గ్రంథం ముందా, మీకా గ్రంథం ముందా?" అని పాస్టరు గారిని వాక్యం మధ్యలో ఆపేసేవారు. చిన్నప్పుడు సండే స్కూల్ పోటీలో బైబిల్ పుస్తకాల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి బహుమతి కొట్టిన మనిషి!

మనమే వడ్డించుకునే సలాడ్ బార్ ఉన్న హోటల్‌కి వెళ్తే దీనమ్మ గారు ముందే కళ్లు మూసుకునేవారు. "మిస్, ఈ ప్లేటుతో ఎన్నిసార్లు వెళ్లొచ్చు?" ఆ వెయిట్రెస్ ఆయనకి ఏడాదిగా అదే జవాబు చెప్తోంది. "మీ ఇష్టం వచ్చినన్నిసార్లు, హనీ."

ఏడాదికి రెండుసార్లు మేమంతా కలిసి రీనో వెళ్లేవాళ్లం. అక్కడొక పాత కాసినోలో వారాంతం పోకర్ టోర్నమెంట్లు జరిగేవి. రూమ్ బుక్ చేస్తే రూమ్‌లో ప్రతి ఒక్కరికీ శనివారం టోర్నమెంట్‌లో ఒక సీటు. ఆ వసంతకాలం వ్యాన్‌లో మేం ఆరుగురం. నేనూ, మా ఆయన నరసింహా, ఆనందబాబు గారూ, దీనమ్మ గారూ, శ్యామ్‌సుందర్, అతని భార్య ఉష.

శ్యామ్‌సుందర్‌ది హనుమకొండ. మా అందరిలోకీ పోకర్ పండితుడు. సంభావ్యత, శాతాలు తప్ప వేరే భాష మాట్లాడేవాడు కాదు. ఉషని పెళ్లి చేసుకుని తీసుకొచ్చి కొద్ది నెలలే అయింది. ఆ పిల్ల ఎవరింటికి వచ్చినా సోఫా చివర కూర్చుని, మనం నవ్వితే నవ్వేది. ఫోన్ మోగితే ఎత్తదు. తలుపు కొడితే తియ్యదు. ఒకసారి వంటింట్లో నాతో మాత్రం అంది. "నాకు అన్నీ అర్థమైతయి అక్కా. అడగాలంటేనే భయం. తప్పు మాట్లాడితే నవ్వుతరని."

వ్యాన్ సన్నీవేల్ దాటినప్పటి నుంచీ కొండలెక్కేదాకా శ్యామ్‌సుందర్ ఆమెకి పోకర్ పాఠం చెప్పాడు. ఏ ముక్కలకి ఎంత శాతం, ఏ సీటులో ఉంటే ఎంత శాతం. చిప్స్ అనే పందెం బిళ్లలు ఎప్పుడు పెట్టాలో, ముక్కలు ఎలా పట్టుకోవాలో చెప్పలేదు. అవి అతనికి పాఠంలా తోచలేదేమో.

"నేను ఆడను, చూస్త," అంది ఉష మెల్లగా.

"ఫ్రీ సీటు వేస్ట్ చేస్తరా ఎవరన్న? పదినిమిషాల్ల ఔటైతవ్, అయినంక షాపింగ్ పో," అన్నాడు.

ఉష కిటికీలోంచి మంచు వైపు చూస్తూ కూర్చుంది. ఆనందబాబు గారు వెనక సీట్లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "ఏమయ్యా శ్యామ్, ఈ మంచు తినొచ్చా?" అని అడిగారు.

మధ్యాహ్నం టోర్నమెంటు మొదలైంది. దీనమ్మ గారికి పేకముక్కలంటే ఆసక్తి లేదు. క్రోషే సూది తీసుకుని ఆట బల్లల చుట్టూ కట్టిన తాడుకి ఇవతల కుర్చీలో కూర్చున్నారు. నేనూ, మా ఆయనా పోటీ పడి మరీ తొందరగా ఓడిపోయి ఆవిడ పక్కకి చేరాం.

ఉషకి చీటీలో పడిన సీటు ఆనందబాబు గారి పక్కన. డీలర్ మార్లీన్ అనే నడివయసు ఆవిడ. ఆనందబాబు గారిని చూడగానే, "హాయ్ ఆండీ! ఫ్లషే పెద్దది," అంది అడక్కముందే.

"థాంక్యూ మార్లీన్. మర్చిపోయే ఉన్నాను. మరి ఈ చెక్ అన్నారనుకో, అప్పుడు చిప్స్ ఏమైనా పెట్టాలా?"

"అక్కర్లేదు, ఆండీ. బల్ల మీద తడితే చాలు."

ఉష బల్ల మీద తట్టింది.

ఇంకాసేపటికి, "మార్లీన్, ముక్కలు ఇలా ఎత్తి చూసుకోవాలా, బల్ల మీదే వంచి చూసుకోవాలా? పక్కవాళ్లకి కనపడతాయేమో!"

ఎదురుగా పెద్ద టోపీ పెట్టుకున్న గొడ్ల ఆసామి ఒకాయన మూలిగాడు. "ఆండీ, ఈ బిల్డింగ్ కట్టకముందు నుంచీ నువ్వు పోకర్ ఆడుతున్నావు!"

"అప్పుడు నేర్చుకున్నవి ఇప్పుడు గుర్తుండవు సార్," అన్నారు ఆనందబాబు గారు వినయంగా. ఉష ముక్కలు దించి, బల్ల మీదే మూలలు వంచి చూసుకుంది.

శ్యామ్‌సుందర్ మొదటి గంటలోనే లేచి వచ్చేశాడు. మొహం ఎర్రగా ఉంది. "లెక్క ప్రకారం నేనే గెలవాలె నరసింహా! వాడు ఆ ముక్కలతో ఆడనే వద్దు!"

"ఆ సంగతి వాడికి తెలీదేమో," అన్నాడు మా ఆయన.

శ్యామ్‌సుందర్ అటూ ఇటూ చూశాడు. "ఉష ఏది? షాపింగ్ పోయిందా?"

దీనమ్మ గారు సూదితో చూపించారు. ఉష ముందు చిప్స్ పొందికగా, పప్పుడబ్బాలు సర్దినట్టు వరసగా పేర్చి ఉన్నాయి. శ్యామ్‌సుందర్ తాడు మీదికి వంగి మళ్లీ చూశాడు.

బల్లలు తగ్గుతూ వచ్చాయి. సాయంత్రానికి ఒక్క బల్ల మిగిలింది. ఆ బల్ల దగ్గర గొడ్ల ఆసామీ, మరికొందరు పాతకాపులూ, ఆనందబాబు గారూ, ఆకుపచ్చ చీర కట్టుకున్న ఉష. జనం తాడు చుట్టూ చేరారు. ఉష భయపడుతూనే ఉంది. కానీ ఆసు వస్తే తప్ప చెయ్యి వెయ్యడంలేదు. ఆసు అన్నిటికన్నా పెద్ద ముక్కేనా అని ఆనందబాబు గారు మధ్యాహ్నం మార్లీన్‌ని రెండుసార్లు అడిగారు మరి.

అలా ఆచితూచి ఆడటంతో చిప్స్ కరిగిపోయాయి. ఒక పంపకంలో ఆమె మూలలు వంచి చూసుకుని, గాఢంగా ఊపిరి పీల్చి, ఉన్నవన్నీ ముందుకి తోసేసింది. అందరూ ముక్కలు పడేశారు. ఆనందబాబు గారొక్కరే సరిపడా చిప్స్ పెట్టి నిలబడ్డారు. ఇక పందేలు లేవు. మార్లీన్ అందరికీ ఉమ్మడి ముక్కలు అయిదూ బల్ల మీద పరిచింది. చేతిలో రెండూ, ఇవి అయిదూ కలిపి మంచి అయిదు ఏరుకోవాలి. రెండు, మూడు, అయిదు, రాజు, మరో రాజు.

ఆనందబాబు గారు తన ముక్కలు తిప్పారు. ఇంకో రాజు ఉంది. మూడు రాజులు! జనంలోంచి ఓహో అన్నారు.

నేను ఉష వెనకే, తాడు పట్టుకుని నిలబడ్డాను. ఒళ్లో ఆమె బొటనవేలు కణుపుల మీద కదులుతోంది. రెండు, మూడు, నాలుగు, అయిదు. అక్కడ ఆగిపోయింది. ఇంకోసారి లెక్కపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. పక్క సీట్లోంచి ఆనందబాబు గారి చూపు ఆ వేళ్ల మీద పడింది. ఓడిపోయానన్నట్టు చిన్నగా నవ్వి, ముక్కలు తిప్పకుండానే డీలర్ వైపు జరపబోయింది. ఒక్కసారి అవి అటు వెళ్లిపోతే మళ్లీ రావు.

"మార్లీన్!" ఆనందబాబు గారి గొంతు కాసినో అంతా మోగింది. "నాకో సందేహం. ఆసు ఎప్పుడూ రాజు పైనే కూర్చుంటుందా? రెండు కింద కూడా కూర్చుంటుందా?"

మార్లీన్ చెయ్యి గాల్లో ఆగింది. ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "రెండు చోట్లా కూర్చుంటుంది, ఆండీ. ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు. అదీ స్ట్రెయిటే."

ఉష వేళ్లు ముక్కల మీద బిగుసుకున్నాయి.

"ఇది అన్యాయం!" గొడ్ల ఆసామి లేచాడు. "పక్కవాళ్లకి సాయం చెయ్యకూడదు!" పర్యవేక్షకుణ్ణి పిలిచారు. నెరిసిన మీసాల పెద్దమనిషి. జరిగినదంతా విన్నాడు. "ఈ పందెంలో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు," అంది మార్లీన్. "ఆండీ, ఈ అమ్మాయి. అంతే."

"ఆమె ముక్కలు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆయన అడిగింది రూల్. తన కొంప తానే ముంచుకునే ప్రశ్న అడగకూడదని మా రూల్స్‌లో ఎక్కడా లేదు." అని ఉష వైపు తిరిగాడు. "చూపించమ్మా."

ఉష ముక్కలు తిప్పింది. ఆసు, నాలుగు. మూడు రాజుల కన్నా స్ట్రెయిటే పెద్దది.

అంతమంది ఒకేసారి అరిస్తే ఎలా ఉంటుందో ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. చిప్స్ అన్నీ ఆమె వైపు వచ్చాయి. ఆనందబాబు గారు కాసేపటికే ఖాళీ అయిపోయి, "ఎంత పని జరిగింది, నేనే అడిగి నేనే పోయానే!" అని తల కొట్టుకుంటూ లేచారు. అంత సంతోషంగా తల కొట్టుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఉష మూడో స్థానంలో నిలిచింది. బహుమతి అరచేతంత వెండి బెల్టు బకిల్, మీద దౌడు తీసే గుర్రం. "చీర మీద వడ్డాణంలా పెట్టుకో తల్లీ," అన్నారు దీనమ్మ గారు. గొడ్ల ఆసామి టోపీ తీసి ఆమెకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

మర్నాడు పొద్దున కాఫీ షాపులో శ్యామ్‌సుందర్ ఇక ఆగలేకపోయాడు. "ఆనందబాబు గారూ, ఎన్నేండ్ల సంది ఆడుతున్నరు మీరు! ఆసు కిందికి వస్తదని తెల్వకుండనే ఫైనల్ టేబుల్ దాకా పోయిన్రా?"

"వయసయ్యా శ్యామ్. మతిమరుపు."

"మతిమరుపా!" దీనమ్మ గారు క్రోషే పక్కన పెట్టేశారు. "మా హాస్పిటల్ నర్సులందరికీ మా వంటింటి బల్ల మీద పోకర్ నేర్పింది ఎవరు? ఆ ఆసు సంగతి రెండో రోజే చెప్పలేదూ?"

"దీనా, కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనివ్వండి." ఆవిడ మా వైపు తిరిగారు. "మేం మొదట దిగింది డెట్రాయిట్‌లో. ఈయనకి కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పని. లోపల భోజనాల గది ఉంది. అది అందరికీనా, కొందరికేనా తెలీదు. అడగటానికి మొహమాటం. ఆ చలికాలం అంతా బయట మంచులో, గోడవారన నిలబడి తిన్నారు. నాకు కూడా చెప్పలేదు. ఒకరోజు స్టాన్లీ అని ఒక పోలండు ముసలాయన, ఆ ఫ్యాక్టరీలోనే తల నెరిసినాయన, మేస్త్రీని పట్టుకుని అందరిముందూ అరిచాడట. 'ఏమయ్యా, ఈ గదిలో ఎవరైనా కూర్చుని తినొచ్చా? కాఫీకి డబ్బులివ్వాలా?' అని. మేస్త్రీ, 'నీకు పిచ్చెక్కిందా స్టాన్లీ, ఎవరైనా తినొచ్చు, కాఫీ ఊరికే' అన్నాడట. అందరూ నవ్వారు. స్టాన్లీ మాత్రం ఈయన వైపే చూస్తున్నాడట."

నాకు ఆ వెనక వరస వియత్నాం వాళ్లు కళ్లముందు మెదిలారు. ఆనందబాబు గారు చెవుల దాకా ఎర్రబడి, చక్కెర పొట్లం మీద రాసింది శ్రద్ధగా చదువుతున్నారు.

"బాబాయ్ గారూ," అంది ఉష. ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి. తన ప్లేటులోని పాన్‌కేక్ సగం కోసి ఆయన ప్లేటులో పెట్టింది.

"ఇది తేనెతో తినాలా, వెన్నతోనా?" అన్నారాయన అలవాటుగా. ఆ బల్ల దగ్గర తెలియనివాళ్లు ఎవరూ లేకపోయేసరికి ఆయనకే నవ్వొచ్చింది.

తిరుగు ప్రయాణంలో శ్యామ్‌సుందర్ డ్రైవ్ చేస్తున్నాడు. చాలా దూరం శాతాల ఊసే లేదు. ఊళ్లు దగ్గరపడ్డాక, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, గొంతు సవరించుకుని అన్నాడు.

"ఉషా, చివర్ల ఆ టోపీ ఆయన పందెం అంతగనం పెంచిండు గదా. నువ్వు భయపడలే. ఆయన దగ్గర ఏం లేదని నీకెట్ల తెలిసింది? నాకు సమజ్ కాలే. చెప్తవా?"

ఉష మొగుడి వైపు కొత్తగా చూసింది. తర్వాత సీటులో అతని వైపు తిరిగి కూర్చుని మొదలుపెట్టింది. ఆ ఆసామి దగ్గర ముక్కలుంటే టోపీ ముట్టుకోడట, లేకపోతేనే సవరించుకుంటాడట. ఫలానా ఆయన ఓడిపోయే ముందు చిప్స్ లెక్కపెట్టుకుంటాడట. ఒక్కొక్కళ్లనీ అభినయించి చూపిస్తోంది. చేతులు తిప్పుతోంది. నవ్వుతోంది. శ్యామ్‌సుందర్ "అవునా? మరి అప్పుడేం జేసినవ్?" అంటూ మధ్యమధ్య అడుగుతున్నాడు.

మా సన్నీవేల్ ఎగ్జిట్ వచ్చింది. అతను చూసుకోలేదు. దాటిపోయింది. మా ఆయన చెప్పబోతే దీనమ్మ గారు మోచేత్తో పొడిచారు. ఆనందబాబు గారు వేరుశనక్కాయల సంచీ తెరిచి, మా అందరికీ తలా గుప్పెడు పంచి, తీరిగ్గా వెనక్కి వాలారు.