పడసాలలో ఏడుపు

మా ఇంట్లో పైకి ఏడవరు. మా తాత పోయినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి మా వీధిలో ఏడ్చాయట. మా అవ్వ మాత్రం లోపలి గదిలో తలుపేసుకుని కూర్చుందని ఇంట్లో గర్వంగా చెప్పుకునేవారు. ఆ తర్వాత పొలాలు పోయాయి, పరపతి పోయింది. వీధి వైపు చావడిని నీళ్ళ ప్లాంటుకు అద్దెకిచ్చాను. మిగిలింది పడసాల, రెండు గదులు, ఈ పద్ధతి. పద్ధతిని అద్దెకిచ్చే వీలు లేదు గనక అదొక్కటీ నిలబెట్టుకుంటూ వచ్చాను.

నా భార్య గుండెపోటుతో పోయినప్పుడు కూడా అట్లే జరిపించాను. ఫోన్ నిండా వచ్చిన సంతాపాలకు దండం బొమ్మ పెట్టాను. పలకరించడానికి వచ్చిన మగవాళ్ళకు కుర్చీలు వేయించి, వానల గురించి మాట్లాడి పంపించాను. ఈయన వెన్ను వంగలేదు చూడండని ఎవరో అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

నచ్చనిది నా కూతురి తీరు. డోన్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. కబురందగానే బయలుదేరి వచ్చింది, వచ్చినప్పటి నుంచీ తల్లి మంచం పక్కన నేల మీదే ఉంది. ఏడవదు, మాట్లాడదు. పక్కింటివాళ్ళు పంపిన అన్నం కంచంలో పెడితే మెతుకులు కెలికి పక్కకు జరుపుతుంది. మా వంశపు పిల్లే అనుకున్నాను మొదట. తర్వాత భయం పట్టుకుంది. ఈమె కూడా నాకు దక్కదేమో అనిపించింది. ఏం చేయాలో తోచక పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరం గోడను చూస్తూ ఉండేవాళ్ళం.

ఒక ఉదయం మా వదిన, అంటే నా భార్య అక్క, ఎర్రగుంట్ల నుంచి ఆటోలో ఆడవాళ్ళను వెంటేసుకుని వచ్చింది. దహనం రోజు నా కట్టడికి లోబడి మౌనంగా వెళ్ళిన మనిషి, ఈసారి గడప దగ్గరే గొంతెత్తింది.

లేచి అడ్డం వెళ్ళాను. "నెమ్మదిగా వదినా. లోపల పాప ఉంది."

"పాప ఉండాదనే వస్తిమి. ఆ పొద్దు నోరు మూసుకోమంటే మూసుకుంటిని. ఏమప్పా, మీ ఇంట్లో చచ్చిపోయినా మర్యాదేనా? జరుగు."

మా ఇంట్లో నన్ను జరగమన్నవాళ్ళు అంతవరకు లేరు. జరిగాను.

ఆమె నా కూతురిని పడసాలలోకి నడిపించుకొచ్చి, మెడ చుట్టూ చేయి వేసి కూర్చుంది. "నా చెల్లెలా, రొట్టె కాల్చుకుంటానే ఫోన్లో ఊరి కతలన్నీ చెప్తివే, ఇంక నాకెవరు చెప్తారే" అని ఏడ్చింది. మిగతావాళ్ళు అందుకున్నారు. దూరం నుంచి విన్నంత కాలం అది నాకు వట్టి గోలే. దగ్గరగా నిలబడితే అందులో మాటలున్నాయి. ఒకామె ఏడుపు నా భార్యతో మొదలై, పోయిన తన మొగుడి దగ్గరికి వెళ్ళింది. ఇంకొకామె పురిట్లో పోయిన బిడ్డను పిలిచింది.

ఆ ఏడుపు విని వెనక వీధిలో బట్టలు కుట్టే ముస్లిం ఆవిడ వచ్చింది. మంగంపేట గనుల దగ్గర లారీ కింద పడి ఆమె కొడుకు పోయాడని నాకు తెలుసు. ఆమె నా కూతురి వెనక కూర్చుని, చిక్కులు పడిన జుట్టును వేళ్ళతోనే విడదీస్తూ అంది:

"అక్కా, నా కొడుకు పోయిన ఆ యేడు మధ్యాన్నం మధ్యాన్నం వచ్చి నా తల దువ్వితివి. నీ బిడ్డ తల నేను దువ్వాల్సి వచ్చె కదక్కా."

మధ్యాహ్నాలు నేను నిద్రపోయేవాణ్ణి. నా భార్య అట్లా వెళ్ళేదని నాకు తెలియనే తెలియదు.

స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. ఎక్కడెక్కడో పోయినవాళ్ళంతా పిలిస్తే పలికినట్టు మా పడసాలలోకి వస్తున్నారు. ఎవరినీ ఎవరూ పక్కకు జరగమనడం లేదు. మా తాతల కాలంలో కూడా ఈ ఇంట్లో ఇంత పెద్ద కొలువు జరిగి ఉండదు. దాన్ని పిలిపించింది నేను కాదు, నా భార్య.

అప్పుడు నా కూతురు నోరు తెరిచింది.

"అమ్మా, నువ్వు పోయిన దినం పొద్దున్నే ఫోన్ చేస్తివే. పని మీద ఉండానని కట్ చేస్తినే."

వదిన ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"నాకూ చేసిందమ్మే ఆ పొద్దు. నేనూ ఎత్తలా. మీ అమ్మ తెల్లారితే పదిమందికి చేసేది, పప్పులోకి చింతపండు ఎంత వేస్తిరని అడిగేదానికి. ఈడ కూర్చున్నోళ్ళలో కట్ చేయనిది ఎవరో చెప్పమను."

"నేనైతే సైలెంట్లో పెడితిని" అంది ఆటోలో వచ్చిన ఒకామె.

ఎవరో ఏడుపులోనే ఫక్కున నవ్వారు. నా కూతురు కూడా నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి, కడుపులోంచి ఏడుపు వచ్చింది. చావడి ముందు నీళ్ళు పట్టుకునేవాళ్ళు క్యాన్లు దించి ఇటు చూశారు. వీధి తలుపు మూయడానికి నా చేయి లేవలేదు.

చాలాసేపటికి నా కూతురి గొంతు తగ్గింది.

"తినేదానికి ఏమన్నా ఉండాదా పెద్దమ్మా?"

మైల రోజుల్లో మా ఇంట్లో పొయ్యి ముట్టించరని వదిన క్యారియరులో అన్నం, పప్పు తెచ్చింది. "శానా ఉండాది. మీ నాయనకు గూడా పెట్టు. పాపం, స్తంభానికి కాపలా కాసి కాసి అలిసిపోయినాడు."

ఆ ఆడవాళ్ళు నాకు చోటిచ్చారు. నా కూతురి పక్కన నేల మీద కూర్చున్నాను. మొదటి ముద్ద ఎత్తేలోపే నాకు ఏడుపు వచ్చింది. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.