నేను యుద్ధానికి పంపిన ఛాంపియన్

ఆ రోజుల్లో, చదువుకోవడానికి పరాయి దేశం వచ్చి మేం అద్దెకున్న బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో, మనుషుల్ని ఉన్నదానికంటే పెద్దగా చేసి చూపించడం తప్పని ఎవరికీ తోచేది కాదు. నలుగురు ఆడపిల్లలం, రెండు గదులు, ఒక పొయ్యి. ఒకరినొకరం ఊరి పేర్లతో పిలుచుకునేవాళ్ళం కాబట్టి నేను వరంగల్‌ని, నా పక్క మంచం అమ్మాయి గుంటూరు. ఈ గుంటూరు రెజ్యూమేలు రాయడంలో దిట్ట. హైదరాబాదులో ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగిన పిల్ల ఆమె చేతిలో పడితే లేచేసరికి మూడేళ్ళ అనుభవమున్న బిజినెస్ అనలిస్టు అయ్యేది. "అబద్ధం కాదే, కొంచెం ఎక్స్‌పీరియన్స్ పెడుతున్నా అంతే" అనేది, కూరలో ఉప్పు సరిచూసినంత మామూలుగా. ఆ శిక్షణలో పెరిగిన నేను ఒకసారి ఏకంగా ఒక ప్రపంచ ఛాంపియన్‌కే ఎక్స్‌పీరియన్స్ పెట్టాను. ఇది ఆ కథ.

కాలేజీ అయ్యాక నాకు దొరికిన పార్ట్‌టైమ్ ఒక బాక్సింగ్ జిమ్‌లో, ఫ్రంట్ డెస్క్ దగ్గర. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఫిట్‌నెస్ సెంటర్" అని చెప్పాను. బాక్సింగ్ అంటే మా అమ్మ ఆ రోజే టికెట్ బుక్ చేసి వెనక్కి పిలిపించేది.) టైర్ల షాపుకీ సమోసాల షాపుకీ మధ్య ఉండేది ఆ జిమ్. రోజూ సరిగ్గా నాలుగింటికి తలుపు తోసుకుని ఒక ముసలాయన వచ్చేవాడు. పొడుగు మనిషి, నల్లటి నలుపు, తెల్లటి జుట్టు, నడకలో కొంచెం ఒరుగు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి వాళ్ళ చేతులకి గుడ్డపట్టీలు చుట్టేవాడు, మల్లెపూలు మాల కట్టినంత నెమ్మదిగా. అందరూ ఛాంప్ అనేవాళ్ళు. ముద్దుపేరేమో అనుకున్నాను. నెల రోజుల తర్వాత లాకర్ల పక్కన ఉన్న ఫోటో తుడుస్తూ చూస్తే అందులో నడుముకి బంగారు బెల్టుతో ఉన్న కుర్రాడి ముఖమూ, నన్ను రోజూ "టీ తాగావా?" అని అడిగే ఆయన ముఖమూ ఒకటే. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ప్రపంచంలో తన బరువు వాళ్ళందరినీ కొట్టినాయన నాకు టీ పెట్టి ఇస్తున్నాడా అని ఆ రోజంతా కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నాను, కూర్చోబుద్ధి కాలేదు.

ఆ ఫోటో కోసమే జిమ్‌కి మనుషులు వచ్చేవాళ్ళు. కొందరు ఫోటో ముందు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. కొందరు దాని వైపు చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఒక వారం ఒకాయన గుండెల మీద మెడల్స్‌తో గుమ్మం దాకా వచ్చి, ఛాంప్‌ని చూసి, నేల మీద ఉమ్మేసి వెళ్ళాడు. అదే వారం ఇంకొకాయన మనవణ్ణి తీసుకొచ్చి ఆయన చేయి పిల్లాడి నెత్తిన పెట్టించాడు. కారణం ఏమిటని నేను అడిగితే ఛాంప్ దాచలేదు. ఆయన పుట్టింది ఇక్కడ కాదు, దక్షిణం వైపు సరిహద్దు దాటితే వచ్చే పక్క దేశంలో. బెల్టు గెలిచి సొంత ఊరు వెళ్తే, తెల్లవాళ్ళ బార్బర్ షాపులో కుర్చీలో కూర్చోనివ్వలేదట. ఆ తర్వాతి నెలలోనే యుద్ధానికి రమ్మని కాగితం వచ్చింది. "నా జుట్టు ముట్టుకోనివాళ్ళ కోసం నేనెప్పుడూ చూడనివాళ్ళని చంపాలా అని అడిగాను. రానని చెప్పాను" అన్నాడు. అందరి ముందూ, మైకులో చెప్పాడు. బెల్టు పోయింది, పాస్‌పోర్టు పోయింది, అన్నిటికంటే పెద్ద దెబ్బ, పేరు పోయింది. బస్సెక్కి ఇటు వచ్చేశాడు. సగంమందికి వీరుడు, సగంమందికి పిరికివాడు. ఈ చివరి ముక్క చెబుతూ కూడా ఆయన ఎవరి వైపూ మొగ్గలేదు. నాకు మాత్రం ఆయన వీరుడే, ఇంకో మాట లేదు. ఇరవై మూడేళ్ళ వయసులో నాకు ఏ విషయంలోనూ ఇంకో మాట ఉండేది కాదు.

ఆ ఏడాది మా తెలుగు సంఘం వార్షికోత్సవానికి రావలసిన ముఖ్య అతిథి నాలుగు రోజుల ముందు చేతులెత్తేశాడు. సంఘం సెక్రటరీ గారు వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా ప్రముఖులు తెలుసా?" అని పెడితే నేను ఆగలేక ఛాంప్ గురించి పెట్టేశాను. సెక్రటరీ గారు వెంటనే ఫోన్ చేశారు. "ప్రపంచ ఛాంపియనా! మన హాల్లోనా!" అని మురిసిపోయి, ఒక్క క్షణం ఆగి, "నల్లాయనామ్మా?" అన్నారు, గొంతు తగ్గించి. "అవును సార్." "నాకేం లేదనుకో, మనవాళ్ళు ఏమంటారో అని." (మనవాళ్ళు అనే ఈ మనిషిని నేనింతవరకు ఎక్కడా చూడలేదు, కానీ అన్నిటికీ ఆయనే అడ్డం పడతాడు.) చివరికి ప్రపంచ ఛాంపియన్ అన్న మాటే గెలిచింది, నేను అడిగితే ఛాంప్ కూడా వస్తానన్నాడు. అయితే శాలువా కప్పేది సుబేదార్ అంకుల్ అన్నారు. మన సైన్యంలో పాతికేళ్ళు పనిచేసి, కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన. సంఘంలో ఆయన మాటకి ఎదురులేదు.

ఆ సాయంత్రమే అంకుల్ ఫోన్. "అమ్మాయ్, ఆయన వయసులో ఉన్నప్పుడు వాళ్ళ దేశం యుద్ధం చేసింది గదా. ఎల్లాడా?"

ఎదురుగా మంచం మీద గుంటూరు ఎవరిదో రెజ్యూమే సరిదిద్దుతోంది. నేను అర సెకను ఆలోచించాను. వెళ్ళలేదంటే సన్మానం లేదు, ఛాంప్ హాల్లోకి అడుగే పెట్టడు. నాకు ఆయన్ని ఆ వేదిక మీద చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

"వెళ్ళిండు అంకుల్" అన్నాను.

ఆ ఒక్క మాటతో, యాభై ఏళ్ళ కిందట వాళ్ళ దేశమంతా కలిసి పంపలేకపోయినవాణ్ణి నేను బేస్‌మెంట్‌లో నుంచి యుద్ధానికి పంపేశాను. పంపినదాన్ని ఊరికే ఉన్నానా? పరిచయ వాక్యాల్లో "యుద్ధభూమిలో శత్రువుల గుండెల్లో నిద్రించిన వీరుడు" అని కూడా రాశాను. తెలుగులో చదువుతాను కదా, ఆయనకేం తెలుస్తుందిలే అన్నది నా ధైర్యం.

శనివారం మధ్యాహ్నం స్కూలు ఆడిటోరియం నిండిపోయింది. ఛాంప్ పాత నీలం సూటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. నేను పట్టుచీరలో మైకు ముందు నిలబడి, గొంతు పెంచి, ఆయన్ని మూడు యుద్ధరంగాల్లో తిప్పాను. హాలు చప్పట్లతో మోగిపోయింది. సుబేదార్ అంకుల్ మెడల్స్ పెట్టుకున్న కోటుతో వేదిక ఎక్కి, శాలువా కప్పి, రెండడుగులు వెనక్కి వేసి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టారు. ఆ సెల్యూట్ చూసి ఛాంప్ ముఖం మారింది. పక్కన కూర్చున్న సెక్రటరీ గారి అమ్మాయి వైపు వంగి ఏదో అడిగాడు. పదమూడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది, ఇంగ్లీషులో తప్ప జవాబు చెప్పదని వాళ్ళమ్మ ఎప్పుడూ బాధపడేది. తెలుగు అర్థం మాత్రం అక్షరం పోకుండా అవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. అంతా చెప్పేసింది, ఆ గుండెల్లో నిద్రించడంతో సహా.

ఛాంప్ లేచి మైకు దగ్గరికి వచ్చాడు. నేను పక్కకి తప్పుకున్నాను. నా వైపు చూడలేదు.

"ఈ అమ్మాయి నా గురించి చాలా ప్రేమగా చెప్పింది. కానీ నేను యుద్ధానికి వెళ్ళలేదు. రమ్మన్నారు, రానన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను." భుజం మీది శాలువా కొస పట్టుకున్నాడు. "మా వీధిలోనే నా స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరం ఒకే జిమ్‌లో నేర్చుకున్నాం. నాకొచ్చిన రోజే అతనికీ కాగితం వచ్చింది. అతను వెళ్ళాడు. తిరిగి రాలేదు. వాళ్ళమ్మ చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు. నేను చేసింది తప్పని నేననుకోను. ఆమె చేసింది తప్పని కూడా అనుకోను." శాలువా తీసి, మడతపెట్టి, రెండు చేతులతో సుబేదార్ అంకుల్‌కి ఇచ్చాడు. "సార్, మీ సెల్యూట్ అతనిది. నేను ఉంచుకోలేను."

నా జీవితంలో అంతకంటే పెద్ద మనిషిని చూడలేదు, చూస్తానని కూడా అనుకోను. కప్పిన శాలువా వెనక్కి ఇస్తే ఏం చేయాలో మా సంఘం చరిత్రలో ఎవరికీ తెలీదు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు చేతులు కట్టుకుని కూర్చున్నారు. సెక్రటరీ గారు మైకు లాక్కుని, "ఇప్పుడు చిన్నారుల కూచిపూడి!" అని అరిచారు. చిన్నారులు ఇంకా గజ్జెలు కట్టుకోలేదు.

భోజనాల దగ్గర ఛాంప్ చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను పులిహోర ప్లేటు పట్టుకుని ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాను, దగ్గరికి వెళ్ళే ముఖం లేదు. అప్పుడు సుబేదార్ అంకుల్ వచ్చారు. కూర్చోలేదు. తన మిలిటరీ ఇంగ్లీషులో ఒకటే అడిగారు, "ఆ కుర్రాడి పేరేంటి?" ఛాంప్ చెప్పాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. అంకుల్ ఆ పేరుని ఒకసారి మెల్లగా పలికి, మడమలు కలిపి, ఎవరూ లేని వైపు చూస్తూ సెల్యూట్ చేశారు. ఛాంప్ రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, చాలాసేపు. వెళుతూ అంకుల్ నా దగ్గర ఆగారు.

"నేనాయన్ని ఒప్పేసుకున్నానని రాసుకోమాకు అమ్మాయ్. నీకసలే రాసే అలవాటుంది."

తిరిగి వెళ్ళేటప్పుడు సెక్రటరీ గారి వ్యానులో దింపుతామన్నా వద్దని ఛాంప్ బస్సెక్కాడు. నేనూ ఎక్కాను. పట్టుచీరలో, ఏడుస్తూ, పది స్టాపులు. చివరికి "నా మీద కోపమా?" అని అడిగాను.

"నా గురించి చెడ్డగా అబద్ధాలు చెప్పేవాళ్ళతో ఎలా ఉండాలో యాభై ఏళ్ళుగా నేర్చుకున్నాను" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "మంచిగా అబద్ధం చెప్పినవాళ్ళతో ఎలా ఉండాలో తెలీదు. సోమవారం దాకా టైమివ్వు."

ఆ ఆదివారం నేను అన్నం తినలేదు. ఉద్యోగం పోతుందని కాదు. ఆయన దృష్టిలో నా విలువ పోతుందని. సోమవారం నాలుగింటికి తలుపు తోసుకుని వచ్చి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, నన్ను డెస్క్ వెనక నుంచి పిలిచాడు. "వీళ్ళకి నేనెవరో సరిగ్గా తెలీదు. నువ్వు చెప్పు. ఏమీ కలపకు."

పన్నెండు మంది పిల్లలు నా వైపు చూస్తున్నారు. నోరు తెరిస్తే విశేషణాలు వస్తున్నాయి, మింగేస్తున్నాను. "ఈయన ప్రపంచ ఛాంపియన్. యుద్ధానికి రమ్మంటే వెళ్ళలేదు. ఆయన స్నేహితుడు వెళ్ళి చనిపోయాడు. ఈయన రోజూ నాలుగింటికి ఇక్కడికొస్తాడు." ఆగాను. ఇంకేమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఛాంప్ తలూపి, "అంతే" అన్నాడు. ఒక పిల్లాడు మాత్రం చెయ్యెత్తి, "మరి ఈయన మంచివాడా, చెడ్డవాడా?" అని అడిగాడు. నేను ఛాంప్ వైపు చూశాను. ఆయన కూడా జవాబు కోసమే అన్నట్టు నా వైపు చూస్తున్నాడు.

"నాకు తెల్వదు. నాకు మాత్రం చాలా ఇష్టం" అన్నాను.

ఆయన నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ నేను పనిచేసే నార్త్ యార్క్ ఆఫీసులో ఎవరినైనా పరిచయం చేయమంటే నేను రెండు వాక్యాల్లో ముగించేస్తాను, అందరూ నన్ను పొడి మనిషి అనుకుంటారు. మూడు యుద్ధరంగాలు కల్పించిన ఆ పట్టుచీర పిల్ల తెలివితక్కువదే, ఒప్పుకుంటాను. కానీ ఒక మనిషిని అంత గట్టిగా ఇష్టపడటం ఆ పిల్లకి చేతనయినట్టు నాకిప్పుడు చేతకావడం లేదు.