లెక్కల పుస్తకానికి అట్టగా వచ్చిన కారు

ఆ అమెరికా కారును నేను బెజవాడ నుంచి మద్రాసు దాకా ఒక్క బిగిన నడిపాను. సరే, నడపలేదు. పక్క సీట్లో కూర్చున్నాను. కూర్చోనూ లేదు. చూశానంతే. అది కూడా రోడ్డు మీద కాదు, నా ఆరో తరగతి లెక్కల పుస్తకం అట్ట మీద.

మా ఊళ్ళో పాత కాగితాల కొట్టుకు అమెరికా పత్రికలు తూకానికి వచ్చేవి. ఎవరు చదివి పారేసేవారో తెలియదు. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. బడి తెరిచే ముందు పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి వాటికోసం కొట్టుకునేవాళ్ళం. నాకు దక్కిన కాగితం మీద ఆ కారు ప్రకటన ఉంది. తుపాకీ గుండులా ముక్కు పొడుచుకొచ్చిన లేత ఆకుపచ్చ కారు. ముక్కు ముందట్ట మీదికి, డిక్కీ వెనకట్ట మీదికి వచ్చాయి. డ్రైవరు సరిగ్గా పుస్తకం వెన్ను మీద పడ్డాడు. దసరా సెలవుల నాటికి మడత అరిగి అతను మాయమయ్యాడు. కారు మాత్రం నడిపేవాడు లేకుండానే పరీక్షల దాకా పరుగెత్తింది. ఆ ఖాళీలో నన్ను నేను కూర్చోబెట్టుకున్నాను. లెక్కలు రాకపోవడానికి అదే కారణమని ఇంట్లో చెప్పాను కానీ, లెక్కలు నాకు అంతకుముందూ రాలేదు.

ఇప్పుడు సిడ్నీలో, టూంగాబీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ వయసులో మనుషులు కుదురుగా కూర్చుంటారంటారు. నాకు ఆ కుదురు రాలేదు. అందరూ ఆఫీసులకు వెళ్ళాక వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి తిరుగుతుంటాను. చేతిలో ఫోను, ఫోన్లో ఆ కాలపు కార్ల ప్రకటనలు. తెల్ల గ్లౌజుల ఆడవాళ్ళు తలుపులు తెరుస్తుంటారు. గుండ్రటి వేదిక మీద కారు మెల్లగా తిరుగుతుంటుంది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు, వచ్చే ఏడాది మోడల్ ఇంకా బాగుంటుందని హామీ ఇస్తాడు. వచ్చే ఏడాది ఎక్కడిది? నేను లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరేనాటికే ఆ కంపెనీ మూతపడింది. పాపం ఆ సంగతి తెలియక అతను పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంటే నాకు కాలు నిలవదు. ఆపేస్తాను. మళ్ళీ పెడతాను.

హారిస్ పార్క్‌లో మేము టీ తాగే చోట వరంగల్ వైపు మిత్రుడొకడు ఉన్నాడు. నాకంటే చిన్నవాడు, ఒక జమీందారు దగ్గర ఆ కారు నడిపానని నేను చెప్పే కథ వినీ వినీ రాటుదేలినవాడు.

"అన్నా, పోయినవారం మద్రాసు దాకనే పోయింది నీ కారు. ఇయ్యాల కలకత్తా దాక పోయిందా? పెట్రోలెవడు పోసిండే?"

"జమీందారు పోశాడోయ్."

"గా జమీందారుకు డ్రైవర్లే దొర్కలేదా, నిన్ను పట్టుకున్నడు!"

అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అక్కడ ఆ కథను ఎవరూ నమ్మరు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. నమ్మిన మనిషి ఒక్కతే, మా పక్కింటావిడ.

ఆవిడ ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి. డెబ్భై దాటాయి. భర్త లారీల మెకానిక్‌గా చేసేవాడు, పోయిన చలికాలంలో కాలం చేశాడు. ఒకసారి వాళ్ళ గ్యారేజీ తలుపు తెరిచి ఉంటే తొంగి చూశాను. దుప్పటి కింద నుంచి అదే గుండు ముక్కు బయటికి చూస్తోంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. "ఇది నేను నడిపిన కారేనండీ" అన్నాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. దాంతో జమీందారును కూడా పిలిపించాను.

పోయిన సోమవారం ఆవిడ కంచె దగ్గరికి వచ్చింది.

"శనివారం కొనేవాడొచ్చి ట్రైలర్ మీద తీసుకుపోతాడు మేట్. ఆలోగా ఒక్కసారి అందులో తిరగాలని ఉంది. మా ఆయన ఆదివారాలు తిప్పేవాడు. కొనేవాడు తిప్పుతానన్నాడు, వద్దన్నాను. మా ఆయన సీట్లో ముక్కూమొహం తెలియనివాడెందుకు, పక్కింట్లో నువ్వుండగా? శుక్రవారం ఆర్వో, భోజనాలయ్యాక, తీసుకెళ్తావా?"

"తప్పకుండా" అన్నాను. ఆ మాట నన్ను అడక్కుండానే బయటికి వెళ్ళిపోయింది. నాకు స్కూటర్ తప్ప మరొకటి నడపడం రాదు. ఈ దేశంలో ఆ లైసెన్సూ లేదు.

సాయంత్రం విషయం తెలిసి మా అమ్మాయి తల పట్టుకుంది.

"నాన్నా, ఆర్ యూ సీరియస్? కారు స్టార్ట్ చెయ్యడమైనా వచ్చా నీకు?"

"నేర్చుకుంటే రాదా?"

"శుక్రవారానికా! ఇప్పుడే వెళ్ళి చెప్పేయ్ ప్లీజ్. షీ ఈజ్ కౌంటింగ్ ఆన్ యూ. పోనీ నేను చెప్పనా?"

"వద్దు, నేనే చెప్తాను."

మంగళవారం చెప్పలేదు. బుధవారం చెబుదామని వెళ్తే ఆవిడ సెలూన్‌కు వెళ్ళి ఉంది. గురువారమంతా ఆ ప్రకటనలే మళ్ళీ మళ్ళీ చూశాను, ఎలా నడపాలో తెలుస్తుందేమోనని. ప్రకటనల్లో ఎవరూ గేరు మార్చరు. ఆ సంగతి ఇన్నేళ్ళలో గమనించనే లేదు. భార్య వైపు చూసి నవ్వుతారు, కారు దానంతటదే పోతుంది.

శుక్రవారం పళ్ళెంలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం పెట్టుకుని వెళ్ళాను. నెలల తరబడి నిలబడిపోయిన బండిని పూజ చేయకుండా కదిలించకూడదని, వేదకాలం నుంచీ ఇదే మా పద్ధతని చెప్పాను. వేదకాలంలో కార్లేమిటని ఆవిడ అడగలేదు. జుట్టు అందంగా సర్దించుకుంది, మెడకు నీలం స్కార్ఫు కట్టుకుంది, పెదాలకు రంగు వేసుకుంది. అదంతా చూస్తుంటే నా చేతిలో పళ్ళెం బరువెక్కింది. కారు రంగు పాడవుతుందని భయపడి బొట్టు అద్దానికి పెట్టాను. కర్పూరం వెలిగించాను. కొబ్బరికాయ ఆవిడ చేతే కొట్టించాను. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాను, ఒక్కొక్కటీ రెండుసార్లు సర్దాను. గుర్తున్న మంత్రాలన్నీ చదివాను, గుర్తులేని చోట ఎక్కాలు కూడా కలిపాను. ఎంత సాగదీసినా పూజ అయిపోయింది.

ఆవిడ ఎడమవైపు సీట్లో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ముందుకు చూస్తూ ఎదురుచూసింది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"చోక్ లాగు" అంది.

లాగాను. వైపర్లు కదిలాయి.

ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది.

"నాకు నడపడం రాదండీ" అన్నాను.

"ఈ మోడల్ రాదా?"

"ఏ మోడలూ రాదు."

"మరి జమీందారు?"

"జమీందారూ లేడు."

పుస్తకం అట్ట సంగతి చెప్పాను. నవ్వుతుందేమోనని చిన్న ఆశ. నవ్వలేదు. వైపర్లు పొడి అద్దం మీద కీచుమంటూ తిరుగుతూనే ఉన్నాయి, వాటిని ఆపడం కూడా నాకు తెలియలేదు. ఆవిడే చెయ్యి చాచి ఆపింది.

"నీ మాట నమ్మి కొనేవాణ్ణి వద్దన్నాను. రేపు పొద్దున బండి వెళ్ళిపోతుంది."

"మీకు డ్రైవింగ్ వచ్చుగా. మీరే..."

"దీన్ని ఆయన నన్ను ముట్టుకోనివ్వలేదు. గేర్లు విరగ్గొడతానట. ఈ సీట్లో కూర్చునే ముసలిదాన్నయ్యాను." కాసేపు డాష్‌బోర్డు వైపు చూసింది. "దిగు."

దిగి గేటు వైపు నడిచాను.

"ఇంటికెళ్ళమన్నానా? ఇటొచ్చి కూర్చో. నేనొక్కదాన్నే పోతే ఎక్కడైనా ఆగిపోయినప్పుడు తొయ్యడానికి ఎవరుంటారు?"

ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గి అందుకుంది. నీలం పొగ గ్యారేజీ నిండా కమ్ముకుంది. క్లచ్ వదలగానే కారు ఎగిరిపడి నిమ్మకాయల మీదుగా వీధిలోకి దూకింది. గేరు మారినప్పుడల్లా లోపల ఇనుము కరకరలాడింది. ఆవిడ అన్న మాట ఇక్కడ రాయలేను. ప్రకటనలో ఆ కారు మేఘం మీద పోతున్నట్టు ఉండేది. లోపల కూర్చుంటే బియ్యం మిల్లు మోత, పెట్రోలు వాసన, వెన్నుకు గుచ్చుకునే సీటు స్ప్రింగు. ఊరికే ఉండలేక "ఈ ఇంజనుందే..." అని మొదలుపెట్టాను.

"నోరు ముయ్యి మేట్. దాన్నే వింటున్నాను."

వీధి చివర వెనక్కి తిప్పుతుందనుకున్నాను. తిప్పలేదు. పెద్ద రోడ్డెక్కింది. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది, వెనక ఎవరో హారన్ కొట్టారు. తొయ్యాలేమోనని తలుపు మీద చెయ్యి వేశాను. ఆవిడ నా వంక చూడకుండానే మళ్ళీ స్టార్ట్ చేసింది. ఈసారి గేరు కరకరలాడలేదు. ఇంకోటి మార్చింది, అదీ వెన్నలా పడింది.

"ఇది కష్టమని చెప్పాడు. ఇన్నేళ్ళూ ఇదే చెప్పాడు, దొంగ" అంది. నవ్విందో ఏడ్చిందో ఆ మోతలో నాకు తెలియలేదు. జుట్టంతా చెదిరి మొహం మీద పడుతోంది. కిటికీ అద్దం మాత్రం పైకెత్తలేదు.

మేము తిరిగొచ్చేసరికి మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. స్టీరింగ్ ముందు ఎవరున్నారో చూసి ఊపిరి పీల్చుకుంది.

శనివారం పొద్దున్నే కొనేవాడు వచ్చాడు. కాగితాల పని అయింది. తాళం కోసం చెయ్యి చాచాడు.

"పైకి నేనే ఎక్కిస్తాను" అంది ఆవిడ.

అతను మొహమాటంగా నా వైపు చూశాడు, కాస్త మీరైనా చెప్పండి అన్నట్టు. నేను కంచె పక్కకు తప్పుకున్నాను. కారు పలకల మీదుగా ఒక్క కుదుపూ లేకుండా ట్రైలర్ మీదికి ఎక్కి నిలబడింది. అతను చక్రాలకు కట్టే పట్టీలు తీసుకుని పక్కకు వెళ్ళి నిలుచున్నాడు, తలుపు తెరుచుకుంటుందని. కంచె ఇవతల నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. అతను ఒకసారి అద్దం మీద మెల్లగా తట్టాడు. ఆవిడ సరేనన్నట్టు తల ఊపింది, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఇంజను ఆపలేదు.