ఎడ్యుకేషన్ సిటీలో నాన్న బండి ఆపే చోటు

దోహాలో మనవాళ్ల కమిటీ నడిపే చిన్న బడిలో నేను ఎల్‌కేజీ పిల్లలకు పాఠాలు చెబుతాను. పన్నెండున్నరకు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలిస్తే వాళ్ల నాన్నలు వచ్చి తీసుకువెళతారు. చిన్నప్పుడు కడప కాన్వెంటులో నా పేరు పిలిచినప్పుడు ఎప్పుడూ అమ్మే వచ్చేది. నాన్న అప్పటికే ఇక్కడ, ఉమ్ సలాల్‌లో ఒక ఇంటి డ్రైవరు. ఆ ఇంటి అమ్మాయిని నాలుగేళ్లుగా ఎడ్యుకేషన్ సిటీలో కాలేజీకి దింపి, తిరిగి తీసుకువస్తున్నాడు. అక్కడే ఎం.ఏ. చదవాలని నా కోరిక. దరఖాస్తుకు ఇంకా మూడు రోజులే గడువు. ఫోన్‌లో ఫారం తెరవడం, మూసేయడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఒకసారి ఆ చోటు చూస్తే ధైర్యం వస్తుందేమోనని, నాన్నకు సెలవున్న శుక్రవారం ఇద్దరం బయలుదేరాం.

మూడున్నరకు ముషైరిబ్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కాం. మనిషికి రెండు రియాల్‌లు. ఇరవై నిమిషాల లోపే ఎడ్యుకేషన్ సిటీ వచ్చింది. స్టేషన్ బయట ఎక్కే ట్రామ్ ఉచితం. అందులోంచి నాన్న ఒక్కో కాలేజీనీ చూపించాడు.

"ఇది డాక్టర్లది. ఈడ నీడే ఉండదు. అదో, ఆ పక్కది బొమ్మలేసేవాళ్లది. చెట్ల కింద బండి పెట్టుకోవచ్చు."

"లోపల ఎట్లుంటాది నాన్నా?"

"నాకేం తెల్సు? నాకు తెల్సిందంతా పార్కింగే."

పెద్ద గ్రంథాలయం ముందు దిగాం. అందులోకి ఎవరైనా వెళ్లవచ్చు, రుసుము లేదు. అయినా తలుపు దగ్గర నాన్న ఆగిపోయాడు.

"నువ్వు పోయి చూసి రామ్మా. నేనీడే ఉంటా."

ఒంటరిగా వెళ్లలేనని చెప్పడానికి సిగ్గేసి నేనూ ఆగిపోయాను. మా తెలుగు విని సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చాడు. నిజామాబాద్ మనిషి.

"రోజూ కార్ల కూసోని గుర్రు పెట్టే అన్నవు నువ్వే గదా? ఇయ్యాల గూడ బయటనేనా?"

"డ్రైవర్లకు లోపల మాఫీ, పోగూడదు కదన్నా?"

"ఎవలు చెప్పిండ్రే నీకు? నాలుగేండ్ల సంది ఎండకు మాడుతున్నవ్, నన్నొక్క మాట అడుగకపోతివి. యల్లా, నడువ్!"

లోపల పుస్తకాల వరసలు మెట్లు మెట్లుగా పైకి సాగుతున్నాయి. నేను వాటిని చూస్తూ నిలబడితే నాన్న గాజుగోడ దగ్గరికి వెళ్లి నన్ను పిలిచాడు.

"అదో, నా బండి పెట్టే చోటు. ఆడ్నించి చూస్తే ఈ గాజులో ఎండ తప్ప ఏం కనపడదు. ఈడ్నించి అంతా కనపడతాందే!" కాసేపు అటే చూశాడు. "నీ బడి కాడికి ఒక్కనాడూ రాలేదు కదమ్మా నేను."

నేను వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఈడ కూర్చొని ఆ ఫారమేదో నింపు. నేను పొయ్యి ఆడ నిలబడతా."

"ఎందుకు నాన్నా, ఎండ."

"నీకు కనపడతా కదా."

గంట పట్టింది. తల ఎత్తినప్పుడల్లా, రెండు కార్ల మధ్య ఖాళీ గడిలో నాన్న నిలబడే ఉన్నాడు. ఫారం పంపాక లేచి చేయి ఊపాను. ఆయనకు ఎండ తప్ప ఏమీ కనిపించదని అప్పుడు గుర్తొచ్చింది. అయినా ఊపాను.

సీటు వస్తుందో రాదో తెలియదు. ఆదివారం బడి గేటు దగ్గర పేర్లు పిలిచాక, నాన్న ఇంకా రాని ఒక పాప చేయి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ గ్రంథాలయానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: శుక్రవారం మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు, వేళలు ముందే చూసుకోండి. కారులో వెళితే డ్రైవరునూ లోపలికి పిలవండి. రావచ్చని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.